పక్కవాడికి చెప్పి చూడు!



ఈ నెల నేను రాస్తున్నది కథా కాదు, కవితా కాదు. పదో తరగతి భౌతికశాస్త్రం గురించి. ఆ మాట చూసి పక్క కాగితానికి పోవద్దండి. మన హాస్టల్లో అన్నిటికన్నా ఎక్కువ భయం ఈ పేపరంటేనే. సూత్రం వస్తుంది, లెక్క రాదు. లెక్క వచ్చినా ప్రశ్న కొంచెం మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. దీనికి నేను, నా ఇద్దరు స్నేహితులు ఒక దారి పట్టుకున్నాము. మేమే కనిపెట్టినామని గొప్ప చెప్పుకోవడం లేదు. అది చాలా పాత దారి, మన సీమలో నడిచిన దారే. అది ఎట్ల పని చేస్తుందో, ఎక్కడ పని చెయ్యదో వివరంగా రాస్తాను. చివరలో వార్డెన్ సార్లకు ఒక మనవి కూడా ఉంది.

మన హాస్టల్లో ఊరి పేరే మనిషి పేరు కదా! నేను ప్రొద్దుటూరోణ్ణి. మా నాయన బంగారు అంగళ్ళ వీధిలో రాత్రి కావలి. రెండోవాడు జమ్మలమడుగోడు. వాళ్ళ నాయన, చిన్నాయన మైలవరం జలాశయంలో చేపలు పడతారు. మూడోవాడు పులివెందులోడు. వాళ్ళది తండా. అమ్మానాయనలు చీనీ తోటల్లో కూలికి పోతారు. ఈ వ్యాసమంతా మా ముగ్గురి సంగతే.

నేను చేసిన తప్పు

ముందు నా తప్పు చెప్పుకోవాలి. నేను క్లాసులో ఫస్టు వస్తానని నాకు కొంచెం తల ఎక్కువగా ఉండేది. పులివెందులోడు వెనక బెంచీ. నోరు విప్పడు. ఒక స్లిప్ టెస్టుకు ముందు రోజు రాత్రి నా దగ్గరికి వచ్చి, "అద్దం లెక్క ఒకటి చెప్పు బ్బా" అన్నాడు. నాకు నిద్ర వస్తాండె. నోటు పుస్తకం వాని ముందర పడేసి, "ఇదో, చూసి రాసుకో పో" అంటిని. వాడు రాసుకున్నాడు, బట్టీ పెట్టినాడు.

ఆ లెక్క ఇది. పుటాకార దర్పణం నాభ్యంతరం 20 సెం.మీ. వస్తువు 30 సెం.మీ. దూరంలో ఉంది. ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది? నా జవాబు: అద్దం ముందర 60 సెం.మీ. దూరంలో, తలకిందులుగా, రెండింతలు పెద్దగా. అది సరైన జవాబే.

తెల్లారి టెస్టులో అదే లెక్క వచ్చింది. ఒక్క అంకె మారింది. వస్తువు 30 సెం.మీ. కాదు, 10 సెం.మీ. వాడు మాత్రం 60 సెం.మీ., తలకిందులు అని నా జవాబే దించినాడు. ఆ లెక్కకు సున్నా వచ్చింది. పేపర్లు ఇచ్చిన రోజు సాయంత్రం డార్మిటరీలోకి పోతే, వాడు ట్రంకుపెట్టె తెరిచి బట్టలు సర్దుకుంటా ఉన్నాడు. "నాకు ఈ చదువు రాదులే బ్బా. ఊరికి పోయి చీనీ లారీలకు లోడు ఎత్తుకుంటా" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. సహాయం చేసినాననుకున్న నేను వాని చేతికి ఉత్త జవాబు ఇచ్చినాను. ప్రశ్న ఇచ్చి ఉంటే వాడు పెట్టె తెరిచేవాడు కాదు.

ఆ రాత్రి జమ్మలమడుగోడు మధ్యలో పడి, "పెట్టె మూయి. ముగ్గురం కలిసి ఆ లెక్క ఇంకోసారి చూద్దాం. అప్పటికీ రాకపోతే నేనే నిన్ను బస్సెక్కిస్తా" అన్నాడు. మా పద్ధతి ఆ రాత్రి అట్ల మొదలైంది.

ముందు బొమ్మ, తర్వాత సూత్రం

ఆ రాత్రి మేము సూత్రం జోలికి పోలేదు. నేల మీద సుద్దముక్కతో అద్దం గీసినాము. నాభి ఎక్కడ? 20 దగ్గర. వక్రతా కేంద్రం ఎక్కడ? దానికి రెండింతలు, 40 దగ్గర. ఇప్పుడు వస్తువును 30 దగ్గర పెట్టు. అది నాభికీ వక్రతా కేంద్రానికీ నడుమ పడింది. రెండు కిరణాలు గీసి చూస్తే అవి వక్రతా కేంద్రం అవతల కలుసుకున్నాయి. ప్రతిబింబం తలకిందులు, పెద్దది.

అదే వస్తువును 10 దగ్గరికి జరుపు. ఇప్పుడది నాభికి లోపల పడింది. కిరణాలు ముందర కలుసుకోవు, విడిపోతా పోతాయి. వెనక్కి పొడిగిస్తే అద్దం వెనకాల కలుస్తాయి. ప్రతిబింబం నిటారుగా, పెద్దగా ఉంటుంది. గడ్డం గీసుకునే అద్దంలో ముఖం పెద్దగా కనిపించేది ఇట్లనే.

బొమ్మ అయినాక లెక్క చేసినాము. అద్దం ముందర దూరాలకు మైనస్ గుర్తు పెట్టాలి.

మొదటి లెక్క: 1/ప్రతిబింబ దూరం = −1/20 + 1/30 = −1/60. కాబట్టి −60 సెం.మీ. మైనస్ అంటే అద్దం ముందరే.

రెండో లెక్క: 1/ప్రతిబింబ దూరం = −1/20 + 1/10 = +1/20. కాబట్టి +20 సెం.మీ. ప్లస్ అంటే అద్దం వెనకాల.

బొమ్మ చెప్పిందే లెక్క కూడా చెప్పింది. పులివెందులోడు చాలాసేపు ఆ సుద్దగీతల వైపే చూసి, "అంటే గుర్తు తప్పు పెడితే బొమ్మే పట్టిస్తాది!" అన్నాడు. ఆ మాట నాకు అంతవరకూ తట్టలేదు. నేను గుర్తులు బట్టీ పట్టినవాణ్ణి. నా పుస్తకం చూసి రాసుకున్నవాడు నాకే ఒక కొత్త సంగతి చెప్పినాడు.

ఫస్టు వచ్చేవాడు తప్పు చేసిన రోజు

తర్వాత వారం విద్యుత్తు పాఠం. ప్రశ్న ఇది: ఒక తీగ నిరోధం 5 ఓములు. దాన్ని రెండింతల పొడవుకు సాగదీస్తే నిరోధం ఎంత?

నేను వెంటనే "10 ఓములు" అన్నాను. పొడవు రెండింతలైతే నిరోధం రెండింతలు. ఇందులో ఏముంది?

జమ్మలమడుగోడు తల ఊపినాడు. పులివెందులోడు ఊపలేదు. కాసేపు ఆగి, "సాగదీసినావు కదా బ్బా, సన్నబడదా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. వాడు లేచిపోయి పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి రెండు చేతులా లాగి చూపించినాడు. పొడవు పెరిగింది, లావు తగ్గింది. "మా తోటలో డ్రిప్పు పైపు ఎంత పొడుగుంటే చివరి చెట్టుకు నీళ్ళు అంత తక్కువ పోతాయి. పైపు సన్నదైతే ఇంకా తక్కువ. ఇక్కడ రెండూ ఒకేసారి అయినాయి కదా" అన్నాడు.

అదే సరైన ఆలోచన. నిరోధం = విశిష్ట నిరోధం × పొడవు ÷ మధ్యచ్ఛేద వైశాల్యం. తీగలోని లోహం ఎక్కడికీ పోదు. కాబట్టి పొడవు రెండింతలైతే వైశాల్యం సగమవుతుంది. పైన రెండుతో గుణించాలి, కింద సగంతో భాగించాలి. మొత్తం నాలుగింతలు. జవాబు 20 ఓములు. నేను చెప్పిన 10 తప్పు.

మిత్రులారా, ఆ రోజు నాకు సిగ్గు వేసింది, ఒక సంగతి కూడా తెలిసింది. నాకు సూత్రం వచ్చు, కానీ తీగ కనబడలేదు. వానికి సూత్రం రాదు, కానీ తీగ కనబడింది. ఇద్దరం కలిస్తేనే లెక్క పూర్తయింది. అందుకే చెబుతున్నాను, మార్కులు తక్కువ వచ్చేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడం దయ చూపించడం కాదు. మనకు కనబడనిది వానికి కనబడుతుంది.

ఇంకో సంగతి. మన పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటుంది. కానీ 'మధ్యచ్ఛేద వైశాల్యం' అనే మాట ఇంట్లో తెలుగు మాట్లాడేవానికే నోరు తిరగదు, తండా నుంచి వచ్చినవానికి ఎట్ల తిరుగుతుంది? పులివెందులోడు ఈ లెక్కను తొమ్మిదో తరగతిలోని వాళ్ళ తండా పిల్లలిద్దరికి వాళ్ళ ఇంటి మాటలోనే చెప్పినాడు. వాళ్ళు ట్యూబు లాగి చూసి నవ్వినారు. పరీక్షలో పుస్తకం మాటే రాయాలి, నిజమే. కానీ అర్థం చేసుకునేటప్పుడు ఏ మాటలో అర్థమైతే ఆ మాటలో చెప్పుకోవచ్చు. ముందు అర్థం, తర్వాత పుస్తకం మాట. ఈ వరుస మారిస్తే మిగిలేది బట్టీయే.

చేప కనిపించే చోట ఉండదు

జమ్మలమడుగోడి సంగతి కూడా చెప్పాలి. వక్రీభవనం పాఠంలో ఒక ప్రశ్న ఉంది: నీటిలో ఉన్న వస్తువు ఉన్న లోతు కంటే పైన ఉన్నట్టు ఎందుకు కనిపిస్తుంది? నేను, పులివెందులోడు పుస్తకంలో ఉన్నది చదువుకుంటా ఉంటే వాడు నవ్వినాడు. "మా తాత పెన్నలో ఈటెతో చేపలు కొట్టేటోడు. చేప కనిపించే చోట కొడితే తగలదంట. ఇంకొంచెం కిందికి గురి పెట్టాలంట. ఎందుకు తాతా అంటే, నీళ్ళు అబద్ధం చెప్తాయి రా అనేటోడు" అన్నాడు.

నీళ్ళు చెప్పే అబద్ధం ఏమిటంటే, చేప నుంచి బయల్దేరిన కాంతి నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు లంబానికి దూరంగా వంగుతుంది. మన కన్ను మాత్రం కాంతి నేరుగా వచ్చిందనే అనుకుంటుంది. ఆ వంగిన కిరణాన్నే వెనక్కి నేరుగా పొడిగించి చూస్తుంది. అందుకని చేప పైన ఉన్నట్టు అనిపిస్తుంది. నీటి వక్రీభవన గుణకం సుమారు 4/3. నిలువుగా పైనుంచి చూస్తే 4 అడుగుల లోతులో ఉన్నది 3 అడుగుల లోతులో ఉన్నట్టే కనిపిస్తుంది. పక్క నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి వచ్చినట్టు ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే భోజనశాలలో చేసి చూడండి. స్టీలు గిన్నె అడుగున రూపాయి బిళ్ళ పెట్టండి. బిళ్ళ గిన్నె అంచు చాటుకు పోయి కనబడకుండా అయ్యేదాకా వెనక్కి జరగండి. తల కదపకుండా ఉండి, స్నేహితుణ్ణి మెల్లగా నీళ్ళు పొయ్యమనండి. బిళ్ళ మళ్ళీ కనబడుతుంది. ఖర్చు ఏమీ లేదు, రూపాయి మీకే మిగులుతుంది.

ముగ్గురమూ తప్పు చెప్పిన రోజు

ఇంతవరకూ చదివి, కలిసి చదివితే చాలు అన్నీ వచ్చేస్తాయని అనుకోవద్దు. ఒకరోజు ముగ్గురమూ ఒకే మాట మీద నిలబడి ముగ్గురమూ తప్పు చెప్పినాము.

ప్రశ్న: 220 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు ఉన్నాయి. ఇవి పాతకాలం తీగ బల్బులు. రెంటినీ శ్రేణిలో కలిపి 220 వోల్టులకు పెడితే ఏది ఎక్కువ వెలుగుతుంది?

"100 వాట్లదే" అన్నాము. ముగ్గురికీ అనుమానమే రాలేదు. అందరం ఒప్పుకున్నాము కాబట్టి సరే అనుకున్నాము. మరునాడు సైన్సు సార్‌ను అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. "రేయ్ ప్రొద్దుటూరూ, దసరాకు మీ ఊళ్ళో సీరియల్ సెట్లు కడతారు కదా, అందులో కరెంటు ఎట్ల పోతాదో చెప్పు" అన్నారు.

ప్రొద్దుటూరు దసరా ఎంత పెద్ద పండగో మీకు తెలుసు. నేను చిన్నప్పుడు మా వీధిలో సీరియల్ సెట్లు కట్టేవాళ్ళకు నిచ్చెన పట్టుకునేవాణ్ణి. పాత సెట్లలో ఒక బల్బు పోతే వరుసంతా ఆరిపోయేది. కారణం, కరెంటుకు ఒక్కటే దారి. మొదటి బల్బులో పోయిన కరెంటే చివరి బల్బులోనూ పోవాలి. బంగారు అంగడి లోపలి లైట్లు అట్ల కాదు. ఒకటి పోయినా మిగతావి వెలుగుతానే ఉంటాయి. అవి సమాంతరంగా కలిపినవి. 'సీరియల్' అంటే శ్రేణి అని, నేను ఆరేళ్ళ నుంచి నోటితో అంటున్న మాటే పాఠంలో ఉందని ఆ రోజు తెలిసింది.

ఇక లెక్క చూడండి. నిరోధం = వోల్టేజి × వోల్టేజి ÷ వాట్లు. 100 వాట్ల బల్బు నిరోధం 484 ఓములు. 60 వాట్ల బల్బుది సుమారు 807 ఓములు. తక్కువ వాట్ల బల్బుకే నిరోధం ఎక్కువ! శ్రేణిలో మొత్తం 1291 ఓములు. కరెంటు 220 ÷ 1291, అంటే సుమారు 0.17 ఆంపియర్లు. రెంటిలోనూ అదే కరెంటు. సామర్థ్యం = కరెంటు × కరెంటు × నిరోధం. కాబట్టి 60 వాట్ల బల్బుకు సుమారు 23 వాట్లు అందుతాయి, 100 వాట్ల బల్బుకు సుమారు 14 వాట్లే. 60 వాట్లదే ఎక్కువ వెలుగుతుంది. (వేడికి తీగ నిరోధం మారుతుంది, కానీ పరీక్ష లెక్కలో మారదనే అనుకోవాలి.) సమాంతరంగా పెడితే మాత్రం మామూలుగానే 100 వాట్లది ఎక్కువ వెలుగుతుంది.

ఒక హెచ్చరిక. దీన్ని ఎవరూ హాస్టల్ ప్లగ్గులో వైర్లు పెట్టి చేసి చూడొద్దు. బ్యాటరీ సెల్లులు, టార్చి బల్బులతో ల్యాబులో సార్ ముందరే చెయ్యాలి.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాము. ముందు ఎవరి జవాబు వాళ్ళు ఇంకొకరికి చూపకుండా కాగితం మీద రాసుకోవాలి. తర్వాత చూపించుకోవాలి. జవాబులు వేరైతే వాదించుకోవాలి. ఒకటే అయితే "ఎందుకు?" అని ఒకరు తప్పక అడగాలి. చివరికి పుస్తకంతోనో, సార్‌తోనో సరిచూసుకోవాలి. అందరూ ఒప్పుకున్నంత మాత్రాన తప్పు ఒప్పు కాదు.

ఇది మన సీమ పద్ధతే

మేము చేస్తున్నది కొత్తదేమో అనుకున్నాము. సోషల్ సార్ చెప్పిన సంగతి విని ఆశ్చర్యపోయినాము. దాదాపు 200 ఏళ్ళ కింద, 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఊళ్ళలో బడులు ఎట్ల ఉన్నాయో లెక్క తీయమని కలెక్టర్లను అడిగినాడు. ఈయన అంతకుముందు మన దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసినవాడే. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో ఊరి బడుల గురించి రాసినాడు. అక్కడ పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవాళ్ళు. అట్ల చెప్పడం వల్ల చెప్పేవాని చదువు కూడా గట్టిపడుతుందని ఆయన మెచ్చుకున్నాడు. ఈ పద్ధతిని ఇంగ్లాండు వాళ్ళు ఇక్కడి నుంచే నేర్చుకున్నారని కూడా రాసినాడు. అది నిజమే. ఆండ్రూ బెల్ అనే దొర 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో ఒక అనాథ పిల్లల బడి నడిపినాడు. మన పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూసి, పిల్లలతోనే పిల్లలకు చెప్పించినాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేసినాడు. అది 'మద్రాసు పద్ధతి' అని పేరు పడి దేశదేశాలకు పోయింది.

ఆ బడుల్లో మన లాంటి వాళ్ళలో చాలామందికి చోటు ఉండేది కాదు. ఈరోజు మనకు గురుకులమే ఉంది. ఆ పద్ధతిని మనం వదులుకుంటే ఎట్ల?

ఇది ఒకటో తరగతి అక్షరాలకే పనికొస్తుంది, భౌతికశాస్త్రానికి కాదు అని ఎవరైనా అనొచ్చు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఉన్నారు. ఆయన విద్యార్థులు పెద్ద పెద్ద లెక్కలు చేసేవాళ్ళు, కానీ బలం గురించి ఒక చిన్న ప్రశ్న తిప్పి అడిగితే తప్పు రాసేవాళ్ళు. ఆయన ఎంత విడమరిచి చెప్పినా వాళ్ళకు ఎక్కలేదు. ఇక లాభం లేదని, "మీలో మీరు మాట్లాడుకోండి" అన్నారు. క్లాసంతా గోల. కొద్ది నిమిషాల్లోనే వాళ్ళకు వాళ్ళే జవాబు పట్టుకున్నారు. 1991 నుంచి ఆయన తన క్లాసునే అట్ల మార్చుకున్నారు. ప్రశ్న ఇవ్వడం, ఎవరి జవాబు వాళ్ళు చెప్పడం, పక్కవానితో వాదించడం, మళ్ళీ జవాబు చెప్పడం.

దీనికి ఆయన చెప్పే కారణం మనకు బాగా తెలిసిందే. నిన్ననే నేర్చుకున్నవానికి ఎక్కడ కాలు జారుతుందో గుర్తుంటుంది. ఎప్పుడో నేర్చుకున్న పెద్దలు ఆ చోటు మర్చిపోయి ఉంటారు. పెన్నలో ఇసుక ఎక్కడ మెత్తగా ఉందో నిన్న దాటినవాణ్ణే కదా అడుగుతాము!

వాడు నన్ను దాటిపోతే?

ఇప్పుడు ఎవరూ పైకి అనని మాట ఒకటి ఉంది. నేనే రాస్తాను. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. పదో తరగతి మార్కులను బట్టి సీట్లు ఇస్తున్నారు. పులివెందులోడి ఊరి నుంచి అది దూరమేమీ కాదు. మాలో అందరికీ ఆ సీటు మీద ఆశ ఉంది. మరి నేను చెప్పిన లెక్కతో వానికి నాకన్నా రెండు మార్కులు ఎక్కువ వస్తే?

ఈ ఆలోచన నాకు వచ్చింది. అబద్ధం చెప్పను. ఒక వారం ముఖ్యమైన ప్రశ్నల కాగితం పరుపు కింద దాచుకున్నాను కూడా. కానీ లెక్క వేసి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఈ పరీక్ష రాసేవాళ్ళు రాష్ట్రంలో లక్షల మంది. అందులో నా పక్క మంచం మీద పడుకునేవాడు ఒక్కడు. వాణ్ణి ఆపితే నాకు ఒక్క మెట్టు కూడా కలిసిరాదు. వానికి చెప్తే మాత్రం నా తప్పులు నాకు తెలుస్తాయి. తీగ లెక్కలో వాడు అడగకపోయి ఉంటే నేను పబ్లిక్ పరీక్షలో 10 ఓములనే రాసి వచ్చేవాణ్ణి. ఆ కాగితం పరుపు కింద నుంచి తీసి గోడకు అంటించినాను.

ఇంకో గీత కూడా గట్టిగా గీసుకోవాలి. ఈ సహాయమంతా పరీక్ష హాలు గుమ్మం దాకానే. లోపల ఎవరికి వాళ్ళే. లోపల చూపించడం సహాయం కాదు, కాపీ. దాని మీద 1997లో చట్టమే వచ్చింది. చట్టం సంగతి అట్లుంచండి, నేను నోటు పుస్తకం పడేసిన రాత్రి చేసింది కూడా కాపీ లాంటిదే. ఆ సున్నా దాన్నుంచే వచ్చింది. నిజమైన స్నేహితుడు జవాబు ఇవ్వడు. "తర్వాత ఏం చెయ్యాల?" అని అడిగి, వాడు చెప్పేదాకా ఓపిక పడతాడు.

మా నియమాలు

ఒకటి: ముగ్గురు నలుగురికి మించి వద్దు. పదిమంది అయితే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్ళు చూస్తారు.
రెండు: ముందు బొమ్మ, తర్వాత సూత్రం, చివర అంకెలు.
మూడు: చెప్పేవాని చేతిలో సుద్దముక్క ఉండకూడదు. నేర్చుకునేవాని చేతిలోనే ఉండాలి.
నాలుగు: లెక్క వచ్చిందని తెలియాలంటే అంకె మార్చి మళ్ళీ చెయ్యాలి.
అయిదు: తప్పు చెప్పినవాణ్ణి చూసి నవ్వరాదు. నవ్వితే మరుసటి రోజు వాడు నోరు తెరవడు.

వార్డెన్ సార్లకు మనవి

సార్, స్టడీ అవర్లో మాట్లాడకూడదనే నియమం మంచిదే. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరూ చదవలేరు. కానీ రాత్రి స్టడీ అవర్ అయినాక ఒక అరగంట, భోజనశాలలో ఒక మూల, పదో తరగతి వాళ్ళకు ఇప్పించండి. ఒక పాత నల్లబల్ల, నాలుగు సుద్దముక్కలు చాలు. గోల ఎక్కువైతే ఆపేయండి, మేము ఏమీ అనము. మీరు కూడా ఒకసారి వచ్చి కూర్చోండి. వాదించుకుంటున్నామో, అల్లరి చేస్తున్నామో మీకే తెలుస్తుంది.

పులివెందులోడు ఊరికి పోలేదు. హాఫ్ ఇయర్లీలో భౌతికశాస్త్రం పాసైనాడు. పెద్ద మార్కులేమీ కావు. కానీ అద్దం లెక్కకు మొత్తం మార్కులు వచ్చినాయి. పేపరు చూస్తే అంకెలకన్నా ముందు బొమ్మ గీసి ఉంది. ట్రంకుపెట్టె ఇప్పుడు మంచం కిందే ఉంది. దాని మూత మీద సుద్దతో లెక్కలు చేస్తా ఉంటాడు.

ఈ నెల ప్రశ్నలు

ఒకటి, పులివెందులోడు ఇచ్చినది: చీనీ తోటలో 5 హార్స్ పవర్ మోటారు 7 గంటలు ఆడింది. 1 హార్స్ పవర్ అంటే 746 వాట్లు. ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది? (మోటారులో నష్టాలు లెక్కలోకి తీసుకోవద్దు.)

రెండు, నేను ఇచ్చినది: ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్ల యంత్రం ఒకటి పూర్తి సామర్థ్యంతో ఒక గంట నడిస్తే ఎన్ని యూనిట్లు వస్తాయి? దానితో పై మోటారును ఎన్ని రోజులు ఆడించవచ్చు?

జవాబులు నన్ను అడగొద్దు. ముందు కాగితం మీద రాసి, పక్క మంచం వానికి చెప్పి చూడు!

ఇట్లు,
మీ ప్రొద్దుటూరోడు,
పదో తరగతి